మాల తీశాక

అమ్మడూ, కార్తీకమాసం వచ్చిందంటే మన ఊళ్లలో ఒక వింత జరుగుతుంది. రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు తగలేసే మనిషి, పొద్దు వాలితే సీసా లేకుండా ఉండలేని మనిషి, పొద్దున్నే లేపితే విసుక్కునే మనిషి, ఒక ఉదయం గుడికి వెళ్లి అయ్యప్ప మాల వేసుకుంటాడు. మర్నాటి నుంచి చీకటితోనే లేస్తాడు. చన్నీళ్లు పోసుకుంటాడు. రెండు పూటలా పూజ, ఒంటిపూట భోజనం, నేల మీద పడక. చలికాలంలో చెప్పుల్లేకుండా నడుస్తాడు. పొగ ముట్టుకోడు, మందు వాసన చూడడు. పూర్తి దీక్ష అయితే 41 రోజులు ఇలాగే సాగుతుంది.

కొండకి వెళ్లొస్తాడు, మాల తీస్తాడు. సంక్రాంతి పిండివంటల డబ్బా ఖాళీ అయ్యేలోపే అదే బడ్డీ కొట్టు దగ్గర అదే సిగరెట్టు వెలిగిస్తాడు. అందరూ అలాగని అనను. మాలతో మానేసి జన్మంతా ఆ జోలికి పోనివాళ్లు మన వీధిలోనే ఉన్నారు. కానీ వెనక్కి జారేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

జనవరిలో రాసుకున్న ఏడు పనుల్లో ఒక్కటీ నిలబడలేదని, నీకు పట్టుదలే లేదని మొన్న ఫోన్‌లో బెంగపడ్డావు కదా. అప్పటి నుంచి ఈ మాల సంగతే నా బుర్రలో తిరుగుతోంది. నువ్వు చెప్పు, ఆ మనిషికి నవంబరులో ఉన్న పట్టుదల జనవరికి ఎక్కడికి పోయింది? మనిషి ఒకడే, మెదడు అదే. చుట్టూ ఉన్నది మారింది. నీ సమస్యకి జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

ముందు ఒంటి సంగతి చూద్దాం. పొగ మానేసిన మనిషికి మొదటి మూడు నాలుగు రోజులూ గండం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం. నికోటిన్ మాత్రం రెండు మూడు రోజుల్లోనే రక్తంలోంచి వెళ్లిపోతుంది. ఒళ్లు పెట్టే పోరు మూడు నాలుగు వారాల్లో చాలామటుకు సద్దుమణుగుతుంది. అంటే మాల తీసే రోజుకి అతని ఒళ్లు సిగరెట్టు కోసం అల్లాడటం మానేసింది. కష్టమైన భాగమంతా అయిపోయింది, అదీ డబ్బు ఖర్చు లేకుండా. అలాంటప్పుడు మళ్లీ ఎందుకు వెలిగించినట్టు?

ఈ ప్రశ్నకి దగ్గరగా ఉండే కథ ఒకటి అమెరికాలో జరిగింది. 1971లో వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికులు పెద్దఎత్తున హెరాయిన్ వాడుతున్నారని బయటపడింది. వీళ్లంతా ఇళ్లకి తిరిగొస్తే ఏం గతి అని ప్రభుత్వం హడలిపోయింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే లీ రాబిన్స్ అనే పరిశోధకురాలికి వాళ్ల బాగోగులు కనిపెట్టే పని అప్పజెప్పారు. తిరిగొచ్చినవాళ్లని వెతికి పట్టుకుని మాట్లాడితే, అయిదుగురిలో ఒకరు అక్కడ ఉన్నప్పుడు ఆ మందుకి బానిస అయినట్టు తేలింది. అలా బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ ఆ వ్యసనంలో పడ్డవాళ్లు నూటికి అయిదుగురే. మొదట ఎవరూ నమ్మలేదు. హెరాయిన్ పట్టుకుంటే వదలదని కదా లోకం నమ్మకం.

వాళ్లందరికీ ఇంటికి రాగానే పట్టుదల పుట్టుకొచ్చిందని నేననుకోను. అక్కడ హెరాయిన్ చవక, చేతికందేంత దగ్గర. ఇక్కడ కొనడం కష్టం, భయం కూడా. అంతకంటే ముఖ్యం, ఆ అడవి, ఆ గుడారం, పక్కన తాగే స్నేహితుడు, ఆ దిగులు, వీటిలో ఏదీ ఇంట్లో లేదు. అలవాటుని తట్టి లేపే గుర్తులన్నీ సముద్రం అవతలే ఉండిపోయాయి.

మాల వేసుకున్న మన స్వామిది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. అతను గుర్తులు లేని చోట 41 రోజులు ఉండి, గుర్తులన్నీ ఉన్న చోటికి తిరిగొచ్చాడు. టీ గ్లాసు, బడ్డీ కొట్టు, ఆఫీసు మెట్ల కింద నిలబడే నలుగురు స్నేహితులు, అన్నం తిన్నాక వచ్చే ఖాళీ. ఒక్కొక్కటీ అతన్ని పాత పేరుతో పిలుస్తుంది.

ఈ గుర్తుల సంగతి మెదడులో ఎలా నడుస్తుందో ఎమ్ఐటీలో ఆన్ గ్రేబియెల్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద పరిశీలించారు. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఒక దారి. చివర కుడిపక్కో ఎడమపక్కో చాక్లెట్టు. ఎటు తిరగాలో ఒక శబ్దం చెబుతుంది. మొదట్లో ఎలుక వాసన చూస్తూ, తడబడుతూ పోతున్నంతసేపూ, మెదడు లోతుల్లో ఉండే స్ట్రయేటమ్ అనే భాగంలో కణాలు మొదటి నుంచి చివరి దాకా పనిచేస్తూనే ఉన్నాయి. బాగా అలవాటయ్యాక ఆ సందడి దారి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే మిగిలింది. మధ్యలో జరిగేదంతా ఒక మూటగా కట్టుకుపోయింది. మూట విప్పడానికి మొదట వినబడే శబ్దం చాలు.

అదే ప్రయోగశాల 2005లో ఇంకో సంగతి చెప్పింది. చాక్లెట్టు పెట్టడం మానేస్తే ఎలుకల మెదడులో ఆ అలవాటు గుర్తు మెల్లగా మాసిపోయింది. సరే, చెరిగిపోయిందనుకున్నారు. చాక్లెట్టు తిరిగి పెట్టగానే పాత గుర్తు వెంటనే లేచి కూర్చుంది. కొత్తగా నేర్చుకోవలసిన అవసరమే రాలేదు. పాత అలవాటు చచ్చిపోదమ్మా, పడుకుంటుంది. మాల తీసిన మనిషి మొదటి టీ తాగినప్పుడు లేచేది అదే. దానికి అతన్ని చేతకానివాడని తిట్టడం అన్యాయం. ముందే ఎవరూ చెప్పకపోవడం ఇంకా అన్యాయం.

మనుషుల మీద చేసిన ప్రయోగం ఒకటి చెబుతాను, నీకు బాగా నచ్చుతుంది. 2011లో డేవిడ్ నీల్, వెండీ వుడ్, వాళ్ల తోటివాళ్లు సినిమా హాలుకొచ్చిన వాళ్లకి పాప్‌కార్న్ పంచారు. కొందరికి అప్పుడే వేయించింది, కొందరికి వారం కిందటి మెత్తబడ్డది. సినిమాలో పాప్‌కార్న్ తినే అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు ఆ పాతదాన్ని కూడా తాజాదాన్ని తిన్నంతే తిన్నారు. బాగుందా అంటే బాగాలేదనే అన్నారు, అయినా తిన్నారు. అదే అలవాటున్న ఇంకొందర్ని సినిమా హాల్లో కాకుండా మామూలు గదిలో కూర్చోబెడితే పాతదాన్ని పక్కన పెట్టేశారు. హాల్లోనే అలవాటు లేని చేత్తో తినమన్నా తినడం తగ్గిపోయింది. చీకటి, తెర, కుర్చీ, చేతిలో పొట్లం, ఇవన్నీ కలిసి తినిపిస్తున్నాయి. నాలుక మాట ఎవరూ వినడంలేదు.

ఇప్పుడు దీక్ష వైపు మళ్లీ చూడు. నల్లబట్టలు అద్దంలో ప్రతిసారీ కనబడతాయి. మెడలో మాల తగులుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు, ఆఫీసులో పై అధికారి, ఆటో నడిపే అబ్బాయి, అందరూ స్వామీ అనే పిలుస్తారు. కొట్టువాడు కూడా సిగరెట్టు ఇవ్వడానికి జంకుతాడు. గురుస్వామి అడుగుతాడు. సాయంత్రం భజనలో పక్కన నలభై మంది ఉంటారు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి అని ఆలోచించవలసిన పనే లేదు, అన్నీ ముందే తీర్మానమైపోయాయి. భక్తి గొప్పదే, నేను తక్కువ చెయ్యను. ఆ భక్తి చుట్టూ పెద్దలు కట్టిన ఈ ఏర్పాటు కూడా అంత గొప్పది. నీ జనవరి కాగితం చుట్టూ ఏముంది? కాగితమే ఉంది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి, తర్వాత మరిచిపోతే ప్రమాదం. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లు ఊరుకోదు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. అది అయ్యప్ప పెట్టే పరీక్ష అనుకుని ఇంట్లో ఉంచుకోకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాంటివాళ్లు మాల వేసుకునే ముందే డాక్టరుని కలిస్తే దానికి మందులున్నాయి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఒంటిపూట భోజనం మొదలుపెడితే షుగరు పడిపోవచ్చు, మందు మోతాదు మార్పించుకోవాలి. కాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లు చెప్పుల్లేకుండా నడిస్తే గాయం తెలియదు. దేవుడు ఎవరి కాలూ అడగడు.

సరే, ఎన్ని రోజులకి అలవాటు పడుతుంది? 21 రోజులని అందరూ అంటుంటారు. ఆ లెక్కకి మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. కనీసం అన్న మాట ఎక్కడో రాలిపోయింది, ముఖం కాస్తా వ్యాయామం అయిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 2009లో ప్రకటించిన పరిశోధన దీనికంటే నమ్మదగ్గది. 96 మందిని తీసుకుని, రోజూ ఒకే సందర్భంలో చేసే చిన్న పని ఒకటి ఎంచుకోమన్నారు. భోజనంతో పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు పరిగెత్తడం లాంటివి. 12 వారాలు గమనించారు. ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. త్వరగా పట్టుకున్నవారికి 18, బాగా ఆలస్యమయ్యేవారికి 254 రోజులని లెక్కకట్టారు. నీళ్లు తాగడం లాంటిది తొందరగా పట్టుబడింది, వ్యాయామం ఆలస్యమైంది.

దాంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి వేరే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ ఎదుగుదల దెబ్బతినలేదు. మర్నాడు మళ్లీ చేస్తే పైరు పెరుగుతూనే పోయింది. పైరు అన్నాను కదా, మన వరి నారుని చూడు. నారుమడిలో పచ్చగా నిటారుగా లేచిన మొక్కని పీకి పొలంలో నాటితే నాలుగు రోజులు వాడి, పసుపు తిరిగి, చచ్చిపోయిందా అనిపిస్తుంది. కొత్త మట్టిలో వేరు పట్టాక మూన తిరుగుతుంది. దీక్షలో పెంచిన అలవాటు నారుమడిలో మొక్క. దాన్ని మామూలు రోజుల పొలంలోకి తెచ్చి నాటే పని ఒకటి మిగిలే ఉంటుంది. మనం నాటడం మరిచిపోయి పంట రాలేదంటున్నాం.

నాటడం ఎలా అంటే, మాల తీసేలోపు రెండు మూడు చోట్ల ముందే ఆలోచించి పెట్టుకోవడం. ఇది నా సొంత కల్పన కాదు. జర్మనీకి చెందిన పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఏం చెయ్యాలి అన్నదానికంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే తేల్చుకున్నవాళ్లు ఎక్కువ నిలబడతారని ఎన్నో పరిశోధనల్లో చూపించారు. 2002లో బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో చేసిన పరిశీలన ఒకటుంది. వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు వ్యాయామం చెయ్యాలి, అంతే. ఏమీ చెప్పకుండా వదిలేసిన గుంపులో నూటికి 38 మంది చేశారు. గుండెజబ్బు గురించి చదివించి, మనసు కదిలించిన గుంపులో 35 మంది చేశారు. ఆ చదువుతో పాటు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ అన్నది కాగితం మీద రాయించిన గుంపులో 91 మంది చేశారు. భయపెట్టడం వల్ల ఒరిగిందేమీ లేదు. గడియారం, చోటు రాయించిన చిన్న వాక్యం పని చేసింది.

కాబట్టి మాల తీసే స్వామి ఇలా అనుకోవాలి. టీ గ్లాసు చేతికి రాగానే కొట్టు దగ్గర నిలబడను, గ్లాసు పట్టుకుని గేటు లోపలికి వచ్చేస్తాను. అన్నం తినగానే వక్కపలుకో సోంపో నోట్లో వేసుకుంటాను అని చాలామందికి తోస్తుంది కానీ, వక్క నోటి క్యాన్సర్‌కి కారణమని ఎప్పుడో తేలింది, సోంపు చాలు. మెట్ల కింద స్నేహితుల్ని, ఇంకో నెల్లాళ్లు నన్ను స్వామీ అనే పిలవండిరా అని ముందే అడగాలి. ఆ ఒక్క పిలుపు మిగిలినా సగం బలం మిగిలినట్టే. ఇంకా కావాలంటే సిగరెట్టు పెట్టె మీదే ముద్రించిన జాతీయ క్విట్‌లైన్ నంబరు ఉంది, 1800-11-2356, ఉచితం. మాల తీసిన మొదటి వారంలో దానికి ఫోన్ చెయ్యడం కంటే మంచి ముహూర్తం ఉండదు.

మానేస్తాను అనే దానికంటే చేస్తాను అనేది నిలుస్తుందని కూడా గుర్తుపెట్టుకో. స్వీడన్‌లో కొత్త సంవత్సరపు తీర్మానాలు చేసిన వెయ్యిమందికి పైగా మనుషుల్ని ఏడాది పాటు గమనించి 2020లో ప్రకటించారు. ఏదో ఒకటి చేస్తాను అనుకున్నవాళ్లలో నూటికి 59 మంది, ఏదో మానేస్తాను అనుకున్నవాళ్లలో 47 మంది నిలబెట్టుకున్నామని చెప్పారు. మెదడుకి ఖాళీ చోటు చూపించి ఊరుకుంటే పాత అలవాటే వచ్చి కూర్చుంటుంది.

దీక్షలో ఉన్న ఒక్క గుణం మాత్రం నీ ఆరోగ్యం పనులకి తెచ్చుకోవద్దు. దీక్షలో నియమం తప్పితే దీక్ష భంగమైనట్టే. వ్రతానికి అది తగును, వ్యాయామానికి తగదు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, తిండి అదుపులో పెట్టుకునేవాళ్లకి ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తే, ఏమీ తాగనప్పటి కంటే ఎక్కువ తిన్నారు. ఎలాగూ ఇవాళ చెడింది కదా, రేపట్నించి చూద్దాం అని మనం అనుకునేది అదే. నీ ఏడు పనుల్లో ఒకటైన జిమ్ము విషయంలో జరిగింది కూడా అదే. జ్వరంతో వారం పోలేదు, తర్వాత నెల పోలేదు. వారం జ్వరం వల్ల పోయింది, నెల పోయింది మాత్రం ఎలాగూ పోయింది కదా అన్న మాట వల్ల.

నీ జాబితాలోని రోజుకి పదివేల అడుగులు కూడా కాస్త దించు తల్లీ. ఆ అంకె ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రం అమ్మడానికి దానికి పదివేల అడుగుల మీటర్ అని పేరు పెట్టారు, పేరు నిలిచిపోయింది. 2019లో హార్వర్డ్‌లో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16,741 మంది ఆడవాళ్ల అడుగులు కొలిచింది. రోజుకి 2,700 నడిచేవాళ్లతో పోలిస్తే 4,400 నడిచేవాళ్లలో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గాయి. 7,500 దాటాక అంతకు మించి లాభం కనబడలేదు. మీ నాయనమ్మకి ఇది చదివి వినిపించాను. వీధి చివరి రామాలయం దాకా వెళ్లి రావడమే తన లెక్క అని అప్పటికే తేల్చుకుంది ఆవిడ, పైగా దీపారాధన అవగానే అని సందర్భం కూడా పెట్టుకుంది. గోల్విట్జర్ గారు చూస్తే సంతోషిస్తారు.

ఇంక నీ ఏడు పనుల సంగతి. ఒక్కటి ఉంచు. నా మాట వింటే నిద్ర ఉంచు, ఎందుకంటే మిగతా ఆరింటికీ ఓపిక దాని నుంచే రావాలి. పదకొండింటికి పడుకుంటాను అని రాసుకోకు. రాత్రి పళ్లు తోముకోగానే ఫోన్ తీసుకెళ్లి హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌కి పెడతాను అని రాసుకో. పళ్లు తోముకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, దాన్ని ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు, అది మాల లాగా తీసేసేదీ కాదు. లేవడానికి అలారం గడియారం ఒకటి కొనుక్కో. హాస్టల్లో ఉంటే ఫోన్‌ని స్నేహితురాలి బల్ల మీద పెట్టు, పెట్టానని ఆ పిల్లకి చెప్పు. మూడు నెలలు ఇది ఒక్కటే చూడు. ఉగాదికి మొదలుపెడతానంటే పెట్టుకో, కొత్త సంవత్సరం, కొత్త నెల, పుట్టినరోజు మర్నాడు మనుషులకి కొత్త ఊపు వస్తుందని అమెరికాలో 2014లో లెక్కలు తీసి చూపించారు. ఊపు మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతకంటే దూరం తీసుకెళ్లదు.

ఒకటి మాత్రం నిన్ను అడగాలని ఉంది. స్వామి నాలుగింటికి లేచి స్నానం చేసేసరికి, ఆయన కంటే ముందే లేచి పూజకి అన్నీ అమర్చే ఆడమనిషి ఒకరు ఆ ఇంట్లో ఉంటారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరే వంట ఆవిడే చేస్తుంది. 41 రోజులు ఆ మడి నిలబడిందంటే ఆవిడ భుజం కూడా దాని కింద ఉంది. ఆవిడకి మాల లేదు, స్వామీ అని ఎవరూ పిలవరు. మీ అమ్మ సంగతీ అలాంటిదే. ఆవిడకి బీపీ వచ్చి రెండేళ్లయింది. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పారు. వారానికి 150 నిమిషాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. నడవాలనే ఆవిడకీ ఉంది, కానీ పొద్దున ఆరింటికి ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఆవిడ తప్ప ఇంకెవరూ నిలబడరు. అందుకని ఆవిడకి పట్టుదల గురించి ఏమీ చెప్పకు. ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నతో కూర్చుని తేల్చు: సోమ, బుధ, శుక్రవారాలు పాల ప్యాకెట్ లోపలికి తీసుకోగానే పప్పు కడిగి కుక్కర్ పెట్టేది ఆయన. ఆయనకి ఎన్ని విజిల్స్ పెట్టాలో తెలియదు, అది నువ్వే నేర్పాలి.